నేరవార్తలో కులం ఎప్పుడు రాయాలి?

2020 ఆగస్టులో పలాస మండలం టెక్కలిపట్నంలో కాశీబుగ్గ సీఐ ఒక దళిత యువకుణ్ణి అందరూ చూస్తుండగా బూటుకాలితో తన్నారు. వీడియో చానళ్లకెక్కింది, ఆయన సస్పెండయ్యారు. ఆ వార్తలో దళిత అన్న మాట తీసేస్తే ఒక పోలీసు కోపమే మిగులుతుంది, అసలు అన్యాయం కనిపించదు. 2012 జూన్ 12న, అప్పట్లో మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపారు. దాన్ని ఇరువర్గాల ఘర్షణ అని సరిపెడితే చంపినవాళ్లనీ చనిపోయినవాళ్లనీ ఒకే గాటన కట్టినట్టే. కాబట్టి నేరవార్తల్లో కులం ఊసే వద్దనడం బాధితుడికి మేలు చేయదు.

అయితే అదే ప్రస్తావన ప్రాణం తీసిన సందర్భమూ ఉంది. 2018 మే నెలలో పార్థీ ముఠా పిల్లల్ని ఎత్తుకుపోతోందన్న పుకారు రెండు తెలుగు రాష్ట్రాల్లో పాకింది. అలాంటి ముఠా ఏదీ లేదని పోలీసులు చెప్పినా జనం వినలేదు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో అడుక్కోవడానికి వచ్చిన ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపారు. పుకారును మోసింది వాట్సాపే కావచ్చు. పార్థీ తెగవాడంటే దొంగ అన్న నమ్మకం మాత్రం అంతకుముందే నాటుకుని ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం పుట్టుకనే నేరం చేసింది. 1952లో చట్టం పోయింది కానీ, ‘స్టువర్టుపురం దొంగలు’ లాంటి శీర్షికలు ఆ తర్వాత కూడా ఎరుకల వాళ్లని వెంటాడాయి.

విలేకరి వైపు వాదన కూడా వినాలి. గడువు ముంచుకొస్తుంటుంది, చేతిలో ఉండేది పోలీసులిచ్చిన ప్రెస్‌నోటే. జనాన్ని అప్రమత్తం చేయడమూ అతని బాధ్యతే. నిజమే, తాళం వేసిన ఇళ్లలో దొంగలు పడుతుంటే కాశీబుగ్గ వాళ్లకి ఆ కబురు అందాలి. కానీ వాళ్లకి పనికొచ్చేది దొంగలు ఏ వేళ, ఎలా వచ్చారన్నది. నిందితుడి తెగ తెలిసినంత మాత్రాన ఏ ఇంటి తాళమూ గట్టిపడదు. వీధిలో పూసలు, పిన్నీసులు అమ్ముకునే ఆ తెగ ఆడమనిషి మీద మాత్రం అనుమానం పడుతుంది.

పలాస చుట్టుపక్కల ఉన్న మన ఉద్దానానికి ఈ బాధ అర్థం కావాలి. ఇక్కడి కిడ్నీ జబ్బు గురించి పత్రికలు ఏళ్ల తరబడి రాయడం వల్ల కూడా 2023 డిసెంబరులో పలాసకు 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. ఆ వార్తలే చదివి ఈ ప్రాంతంతో సంబంధం కలుపుకోవడానికి వెనకాడినవాళ్లూ ఉన్నారు. ఊరి పేరు రోగానికి మారుపేరైతే ఎంత బాధో మనకు తెలుసు. తెగ పేరు నేరానికి మారుపేరైతే అంతకన్నా ఘోరం.

నేరానికి కులమే కారణమైతే దాచకుండా రాయాలి. నిందితుడి పుట్టుక తప్ప కులానికి నేరంతో వేరే సంబంధం లేకపోతే కొట్టేయాలి. ప్రెస్ కౌన్సిల్ నియమావళి కూడా ఒక కులాన్ని కించపరిచేలా ఎవరి కులాన్నీ ప్రస్తావించవద్దనే చెబుతోంది. కలం ఎంత మేలు చేయగలదో జైళ్లలో కులవివక్షపై విలేకరి సుకన్య శాంత 2020లో రాసిన కథనాలు చూపించాయి. ఆమె వేసిన కేసులోనే 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ వివక్ష రాజ్యాంగవిరుద్ధమని తేల్చింది. మండల విలేకరి దగ్గరా అదే కలం ఉంది. ప్రెస్‌నోట్‌లోని తెగ పేరు మీద గీత పెట్టడానికి అతనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.