విప్పితే వృథానా?

"ఇంత ఊలు తగలేశావా?"

పోయిన వారం మావారు అన్న మాట ఇది. బాబు కోసం వారం రోజులు అల్లిన స్వెట్టర్ ముందు భాగాన్ని మొత్తం విప్పేసి, ఊలంతా ఒళ్ళో కుప్పేసుకుని కూర్చున్నాను. లాక్‌డౌన్‌లో ఈ మనిషే యూట్యూబ్ చూసి మిక్సీ విప్పి, తిరిగి బిగించలేక పక్కన పడేశారు. అప్పుడేమన్నారో తెలుసా? "చెడగొడితేగానీ పని రాదోయ్!"

ఆయన చెడగొడితే నేర్చుకోవడం, నేను చెడగొడితే తగలేయడమా?

అసలు జరిగింది చెప్తాను. ఆబిడ్స్‌లో ఊలు కొని, మొజంజాహీ మార్కెట్ దగ్గర సీతాఫలం ఐస్‌క్రీం తింటూ కూర్చున్నప్పుడే మనసులో సగం స్వెట్టర్ అల్లేశాను. ఆ ఉత్సాహంలో నాలుగంగుళాల నమూనా ముక్క అల్లి చూసుకోలేదు. పాత లెక్క ప్రకారం 88 కుట్లు ఎక్కించేశాను. అంగుళానికి ఐదున్నర కుట్లు పడితే వెడల్పు 16 అంగుళాలు. కానీ కొత్త ఊలు కాస్త లావు, ఐదే పడ్డాయి. పదిహేడున్నర దాటింది. వెనక భాగం కూడా అలాగే అల్లితే మొత్తం మూడంగుళాల పైనే తేడా! బాబుతో పాటు వాడి స్కూల్ బ్యాగు కూడా పట్టేది అందులో.

మరి పోయిందేమిటి? విప్పిన ఊలు నూడుల్స్‌లా వంకర్లు తిరిగి ఉంటుంది, అంతే. కుర్చీ వీపుకి చుట్టి, నాలుగు చోట్ల వదులుగా దారం కట్టి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి నీడన ఆరేస్తే మళ్ళీ సాఫీ అవుతుంది. పోయింది నా వారం రోజులు మాత్రమే. చిత్రమేమిటంటే వాటిని ఎవరూ లెక్కెయ్యలేదు. ఊలుకి ధర ఉంది, నా టైముకి లేదు!

ఇది మా ఇంటి గొడవే అనుకోకండి. నరసాపురం చుట్టుపక్కల ఊళ్ళలో ఆడవాళ్ళు అల్లే లేసు ఎన్నో ఏళ్ళుగా విదేశాలకు వెళ్తోంది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు వాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. రోజంతా అల్లుతున్నా వాళ్ళని పనివాళ్ళుగా కాక ఇంట్లో కూర్చున్న గృహిణులుగా చూశారనీ, ఆ పనిని తీరిక వేళ వ్యాపకం అన్నారనీ, కూలి అంత తక్కువ ఉండటానికి అదే దారి వేసిందనీ ఆవిడ వాదన. కాబట్టి "టైంపాస్" అనేది చిన్న మాటేం కాదండీ.

అయితే మనమేం తక్కువ తిన్నాం? పాపకి స్కూల్లో కాగితం లాంతరు చేసి తెమ్మన్నారు. "రెడీమేడ్‌ది కొనిచ్చెయ్, మార్కులొస్తాయి" అని సలహా ఇచ్చినవాళ్ళంతా అమ్మలే. నేను కొనలేదు గానీ, పాప మొదటి చార్ట్ మడతల దగ్గర పెళుసుగా పగిలిపోయేసరికి "ఇటు తే, నేను చేస్తా" అని చెయ్యి చాపేశాను. అది ఇవ్వలేదు. రెండో చార్టూ పాడైంది. మూడో దాన్ని అడ్డంగా తిప్పి మడిస్తే గీత గీసినట్టు మడత పడింది! కాగితంలో పీచు ఎక్కువగా ఒకే వైపు పరుచుకుని ఉంటుంది, ఆ వాటాన మడిస్తే పగలదు. ముందు మెల్లగా రెండు వైపులా వంచి చూస్తే ఎటు సులువుగా వంగుతుందో తెలిసిపోతుంది. నేను లాక్కుని ఉంటే దానికి ఈ సంగతి తెలిసేదా? నిజం చెప్పొద్దూ, నాకే అప్పటిదాకా తెలీదు.

లాంతరు కాస్త వంకరగానే వచ్చింది. మార్కులు కూడా తక్కువే వచ్చాయి. కానీ దాని అట్ట మడతలు చూడండి, ఒక్కటీ పగల్లేదు.

అందుకే అంటున్నాను, పొదుపు పేరుతో చేతులు కట్టేసుకోవడం మానేద్దాం. పిల్లల చేతిలో కత్తెర లాక్కోవడమూ మానేద్దాం. కూరలో ఉప్పు ఎక్కువైన రోజున వంట మానేశామా? అల్లికకి మాత్రం మొదటిసారే అచ్చుగుద్దినట్టు రావాలన్న రూలు ఎవరు పెట్టారు?

ఈసారి ఆబిడ్స్ వెళ్ళేటప్పుడు రాసుకునే జాబితాలో ఒక లైను ఎక్కువ ఉంటుంది: "చెడగొట్టడానికి ఒక ఊలు ఉండ, రెండు చార్టులు." మావారు చదివేలా పెద్ద అక్షరాలతోనే రాస్తాను.

మీ జాబితాలో కూడా రాసుకుంటారు కదూ?