కొండపట్టణమున కాపురము

హైదరాబాదు విడిచి చల్లని కొండయూరికి పోయి స్థిరపడవలెనను కోరిక ఇటీవల మన ఉద్యోగస్థులలో బలపడుచున్నది. 2020లో మహమ్మారి వచ్చి, ఇంటనుండియే కొలువు చేయవచ్చునని తేలిన నాటినుండి ఆ కోరికకు రెక్కలు వచ్చినవి. కోనసీమవారును ఇందుకు దూరము కారు. వైనతేయ సముద్రమున కలియు ఓడలరేవు వంటి ఊళ్ళలో పుట్టి, 1996 నవంబరు 6 నాటి తుపాను కథలు ఇంటింట వినుచు పెరిగినవారికి ఎత్తైన చోటన్నంతనే మనసు లాగుట సహజము. ఆంధ్రదేశమున అట్టి చోటేది యన్నచో ఇప్పుడు చాలమంది చెప్పునది పాడేరు పేరే.

పాడేరు సముద్రమట్టమునకు సుమారు 900 మీటర్ల ఎత్తున కలదు. ఒకప్పుడు అచ్చటికి బదిలీ యనిన ఉద్యోగులు శిక్షగా భావించెడివారు. మన్యపు జ్వరముల భయము అట్టిది. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి పాడేరు దానికి ముఖ్యపట్టణమైనది. కలెక్టరు కార్యాలయము వచ్చినది. 2024లో ప్రభుత్వ వైద్యకళాశాలలో తరగతులు ఆరంభమైనవి. వంజంగి మేఘములను చూడవచ్చువారితో శీతకాలపు ఆదివారములందు ఘాటురోడ్డు క్రిక్కిరిసిపోవుచున్నది. ఇన్ని కలిసివచ్చిన చోట భూమి ధర పెరుగవలెను. పెరిగిన చోట మైదానపు సొమ్ము చేరవలెను. ఇది మనమెరిగిన లోకరీతి.

అయితే పాడేరున ఈ రీతికి ఒక అడ్డుకట్ట కలదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించిరి. జనులందరు దానిని ‘వన్ ఆఫ్ సెవెంటీ’ యని వ్యవహరింతురు. షెడ్యూల్డు ప్రాంతమున గిరిజనేతరునకు భూమి బదలాయించుట దానిచే చెల్లదు. అమ్మకమే కాదు, తాకట్టు, కౌలు, దానము, మారకము కూడ అంతే. ఒక గిరిజనేతరుడు మరియొక గిరిజనేతరునికి అమ్మినను చెల్లదు. ఈ శాసనము న్యాయసమ్మతమేనని సుప్రీముకోర్టు 1988లో తీర్పు చెప్పినది. 1997 నాటి సమత తీర్పు మరి ఒక అడుగు ముందుకు వేసి, ప్రభుత్వముసైతము అచ్చటి భూములను గిరిజనేతరులకు, ప్రైవేటు సంస్థలకు కౌలుకీయరాదన్నది. కనుక పాడేరున స్థలము కొని మేడ కట్టుదమనువారికి చట్టము దారి చూపదు. బినామీ దారి చూపువారు మాత్రము ఎప్పుడును ఉందురు. ఆ దారిన కట్టిన గోడ ఎంత గట్టిదైనను పునాది కాగితము మీదిదే.

ఇది అన్యాయమని వాదించువారు కలరు. దేశమున ఎవరెక్కడనైన నివసింపవచ్చును గదా యందురు. వారొకసారి ఓడలరేవు వచ్చి చూడవలెను. సముద్రగర్భపు బావులనుండి వచ్చు వాయువును తీరమున చేర్చుకొను కేంద్రము ఇచ్చట నెలకొన్నది. ఊరికి పేరు వచ్చినది, రోడ్లు వచ్చినవి. కాని కోనసీమలో ఏ గట్టుమీద నలుగురు కూడినను, మన నేలక్రిందిదానిలో మనకెంత, మన పిల్లలకు కొలువులెన్ని అను ప్రశ్న లేచుచునే యున్నది. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండినది. 2014 జూన్ 27న నగరములో గొట్టపుమార్గము పేలి ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. లాభము ఎక్కడికో పోయి, నష్టము ఇంటిముందర నిలుచుట మనకు తెలియని సంగతి కాదు. తెలిసిన మనమే కొండయెక్కి అచ్చటివారికి అదే బాధ కలిగింపవచ్చునా? నీలగిరులపై ఆంగ్లేయులు ఉదకమండలము కట్టుకొన్నారు. తోడా జనులు తమ మేతభూములలో తామే కొలదిమంది అయిరి. పాడేరున కాఫీతోటల నడుమ బ్రతుకు గిరిజనునికి ఆ గతి ఇంతవరకు పట్టకుండుటకు ఈ శాసనము ముఖ్యకారణము.

భూమి మాట అట్లుండగా ఉద్యోగముల మాట వేరు. షెడ్యూల్డు ప్రాంతపు ఉపాధ్యాయ పదవులన్నియు స్థానిక గిరిజనులకే యనిన 2000 నాటి మూడవ నెంబరు ఉత్తరువును సుప్రీముకోర్టు 2020 ఏప్రిల్‌లో కొట్టివేసినది. దానికి మారుగా చట్టము కావలెనని ఏజెన్సీలో ఆందోళనలు జరిగినవి. ఈ విషయమున గిరిజనుల పక్షమే సమంజసమని నా అభిప్రాయము. పిల్లవానితో వాని భాషలో మాట్లాడగల ఉపాధ్యాయుడు మైదానమునుండి రాడు. వైద్యుని సంగతి అట్లు కాదు. గర్భిణిని డోలీకట్టి కొండదింపు పల్లెలింకను ఉన్నవి. అచ్చట నిలిచి పనిచేయు వైద్యుడు అమలాపురమునుండి వచ్చినను, హైదరాబాదునుండి వచ్చినను వలదను గిరిజనుడుండడు. అతనికి కావలసినది ప్రభుత్వపు నివాసగృహము. సొంత స్థలము కాదు.

సొంత యిల్లే కావలెననువారికి మదనపల్లె యున్నది. సుమారు 700 మీటర్ల ఎత్తు. షెడ్యూల్డు ప్రాంతము కాదు. క్షయరోగులకు ఆ గాలి మేలని శతాబ్దము క్రిందటనే అచ్చట ఆరోగ్యవరము వెలసినది. అయితే అది వానలు తక్కువైన సీమ. కాలువగట్టున పెరిగిన కోనసీమవాడు అచ్చట స్థలము బేరమాడునపుడు ధరకంటె ముందు అడుగవలసినది నీరు ఎన్ని అడుగుల లోతున పడునని.