గెడ్డానికి కావాల్సింది వేడి కాదు మహాప్రభో!

మా ఆఫీసులో ఈమధ్య ఓ కొత్త మతం పుట్టింది. నలుగురైదుగురు కుర్రాళ్ళు అయిదు బ్లేళ్ళ కార్ట్రిజ్‌లు అవతల పారేసి, తాతలనాటి సేఫ్టీ రేజరు, కుంచె, గుండ్రటి షేవింగు సబ్బు కొనుక్కున్నారు. మంచిదే. డబ్బులు మిగులుతాయి, ప్లాస్టిక్ చెత్తా తగ్గుతుంది. నేనూ ఆ గుంపులోవాడినే. పేచీ ఎక్కడొచ్చిందంటే, ఈ మతానికో మొదటి సూత్రం ఉంది: "నీళ్ళు భరించగలిగినంత వేడిగా ఉండవలెను". ఎందుకయ్యా అంటే, చర్మరంధ్రాలు తెరుచుకుంటాయట. ఆఖర్న చన్నీళ్ళు కొడితే మూసుకుంటాయట. ఇంజినీరింగు చదివినవాళ్ళే చెబుతున్నారీ మాట, అదేదో లిఫ్టు తలుపుల గురించి చెప్పినట్టు!

చర్మరంధ్రానికి తలుపు లేదండీ. దాన్ని తెరిచి మూసే కండరమూ లేదు. వెంట్రుక కుదురుకి ఓ బుల్లి కండరం అంటుకుని ఉంటుంది. చలికి అది బిగుసుకుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి, అంతవరకే దాని పని. వేడినీళ్ళు చేసేది వేరు. చర్మం మీది జిడ్డుని కరిగిస్తాయి, వెంట్రుకలోకి నీరు కాస్త త్వరగా ఎక్కేట్టు చేస్తాయి. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ మేరకు ఒప్పుకుంటాను. కానీ జిడ్డుని సబ్బు కూడా వదిలిస్తుంది కదా. త్వరగా అంటారా, ఇంకో రెండు నిమిషాలు ఆగితే మునిగిపోయే కొంపలేవీ లేవు.

అసలు గెడ్డాన్ని మెత్తబరిచేది నీరు. వెంట్రుక తన బరువులో దాదాపు మూడోవంతు నీటిని పీల్చుకోగలదు. అప్పుడు దాని మందం ఇంచుమించు 14 శాతం పెరుగుతుంది, పొడవు మాత్రం పెద్దగా మారదు. కెరటిన్ పోగుల్ని పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు నీళ్ళు తగిలి సడలుతాయి. తడిసిన వెంట్రుక తేలిగ్గా తెగడానికి కారణం అదీ. నమ్మకపోతే చిన్నప్పుడు సింహాచలంలోనో తిరుపతిలోనో మీకు గుండు చేయించిన రోజు గుర్తుతెచ్చుకోండి. కత్తి పట్టుకునే ముందు ఆయన చేసిందేమిటి? తల మీద నీళ్ళు పోసి, కుదుళ్ళ దాకా తడిసేట్టు చేత్తో బాగా పిసికి పిసికి వదిలాడు. నాకైతే అవి వేడినీళ్ళు కావు, మామూలు చన్నీళ్ళే. తలంతా రెండు నిమిషాల్లో నున్నగా అయిపోయింది. ఒక్క గాటు లేదు.

ఇంకొందరు మరో అడుగు ముందుకేసి, బ్లేడుని వేడినీళ్ళలో ముంచితే పదును పెరుగుతుందంటారు. ఉక్కు నగరంలో పుట్టి ఈ మాట వినాల్సి రావడం నా ఖర్మ. బ్లేడు వెడల్పు 22 మిల్లీమీటర్లు. ముప్ఫై డిగ్రీలు వేడెక్కితే అది పెరిగేది సుమారు 0.007 మిల్లీమీటరు, అదీ అన్ని వైపులా సమానంగా. పదును ఎక్కణ్ణుంచి వస్తుంది స్వామీ? బ్లేడు ఎందుకు మొద్దుబారుతుందో 2020లో ఎం.ఐ.టి. వాళ్ళు 'సైన్స్' పత్రికలో చూపించారు. ఉక్కు కంటే యాభై రెట్లు మెత్తనైన వెంట్రుక, వంగి ఒక కోణంలో తగిలినప్పుడు, ఉక్కు లోపలి నిర్మాణం ఒకేలా లేనిచోట అంచుని పెచ్చులూడగొడుతుందిట. చదివి తీరాల్సిన పేపరు. సరే, దారి తప్పుతున్నాను.

గెడ్డం గురించి ఇంత ఆవేశమెందుకని మీరనుకోవచ్చు. చెబుతాను.

మా నాన్న స్టీల్ ప్లాంటులో, స్టీల్ మెల్ట్ షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఏళ్ళ తరబడి 1600 డిగ్రీల ద్రవ ఉక్కు పక్కన నిలబడిన మనిషి. ఒంటి మీద చెప్పుకోదగ్గ కాలిన మచ్చ లేదు. పోయిన ఏడాది పక్షవాతం వచ్చింది. ఎడమవైపు స్పర్శ బాగా తగ్గింది, మాట కూడా ఆలస్యంగా వస్తుంది. ఆస్పత్రి నుంచి కూర్మన్నపాలెంలో ఇంటికొచ్చాక ఆయన గెడ్డం బాధ్యత నాది. కొత్తగా మతం పుచ్చుకున్నవాణ్ణి కదా, శాస్త్రోక్తంగా చేద్దామనుకున్నాను. గీజరు నీళ్ళలో తువ్వాలు ముంచి, అంచులు పట్టుకుని పిండి, మడతపెట్టి ఎడమ చెంప మీద వేశాను. "వేడిగా ఉందా నాన్నా?" అనడిగితే లేదన్నట్టు తలూపారు. రెండు నిమిషాలు అలాగే ఉంచాను.

మర్నాటికి చెంప కమిలి బొబ్బ లేచింది.

అప్పుడు థర్మామీటరు పెట్టి చూస్తే గీజరు నీళ్ళు 57 డిగ్రీలున్నాయి. చూడాల్సింది ముందు! 60 డిగ్రీల నీళ్ళకి చర్మాన్ని లోతుగా కాల్చడానికి అయిదు సెకన్లు చాలు. అదే 49 దగ్గర కొన్ని నిమిషాలు పడుతుంది. "భరించగలిగినంత వేడి" అనేది కొలత కాదు. అది ఎదుటి మనిషి నరాలు సరిగ్గా పనిచేస్తున్నాయన్న ఊహ. పక్షవాతం వచ్చినవాళ్ళకీ, షుగరుతో స్పర్శ పోయినవాళ్ళకీ ఆ ఊహ చెల్లదు. మనలో చాలామంది తల్లిదండ్రులు ఆ వయసుకొచ్చారు. తప్పు నాదే. కానీ ఆ సూత్రాన్ని మళ్ళీ ఎవరైనా గొప్పగా చెబితే వింటూ ఊరుకోను.

బొబ్బ మానాక మా వీధి చివర సెలూన్ ఆయన్ని ఇంటికి పిలిచాను. నేను గీజరు స్విచ్ వెయ్యబోతుంటే, "ఎందుకు బాబూ, కుళాయి నీలు సాల్తాయి" అన్నారు. చెంపలు తడిపారు. కుంచెతో నురగ పెట్టారు. మళ్ళీ తడిపారు. మళ్ళీ నురగ. మధ్యలో నాన్నతో ప్లాంటు కబుర్లు. నాలుగైదు నిమిషాలైనా కత్తి తియ్యలేదు. నేను గడియారం చూసుకోవడం చూసి నవ్వారు. "గెడ్డం నీలు తాగాలి గదా బాబూ, తొందరపడితే ఎలగవుతాది?" నేను పైన ఒక పేరా నిండా రాసిన కెరటిన్ కథ ఆయనకి ఒక్క వాక్యం.

ఆయన ఇంకో మాట కూడా అడిగారు: "బోరు నీలా, మున్సిపాలిటీ నీలా?" అదీ ప్రశ్నంటే! మనవాళ్ళు వేడి గురించి కొట్టుకుంటారు గానీ, నీళ్ళలో ఏముందో ఒక్కడూ అడగడు. రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ జలాశయాల నుంచి వచ్చే కుళాయి నీళ్ళతో నురగ చక్కగా లేస్తుంది. అదే మా అపార్టుమెంటు బోరు నీళ్ళలో కాల్షియం సబ్బుతో కలిసి తెట్టు కడుతుంది, నురగ పట్టదు. గోరువెచ్చగా చేసినంత మాత్రాన కాఠిన్యం పోదు. మరిగిస్తే కొంత పోతుంది, బకెట్ హీటరు రాడ్డుకి పట్టే తెల్లటి పెచ్చు అదే. బోరు నీళ్ళవాళ్ళు షేవింగుకి ఒక గ్లాసు తాగే నీళ్ళు వాడి చూడండి. గీజరు మీద పెట్టే ఖర్చు కంటే అది నయం. పదిహేను లీటర్ల గీజరుని 60 డిగ్రీలకి తేవాలంటే అర యూనిట్ పైనే కరెంటు కావాలి, మనం వాడేదేమో ఒక మగ్గు.

ఇక ఈ మూఢనమ్మకంలో అన్నిటికంటే ప్రమాదకరమైన ముక్క ఒకటుంది. "ఆ షాపులో కత్తి వేడినీళ్ళలో కడుగుతారు, భయంలేదు" అంటారు. కడిగితే? హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతికి ఉండగలదు. మగ్గులో గోరువెచ్చని నీళ్ళలో ఇలా ముంచి అలా తీస్తే దానికి స్నానం చేయించినట్టే. నీళ్ళ వేడి చూడకండి, మీ ఎదురుగా కొత్త బ్లేడు కాగితం విప్పుతున్నారో లేదో చూడండి. మా సెలూన్ ఆయన అదే చేశారు, అడక్కుండానే.

మంచు కురిసే ఊళ్ళలో ఉన్న మిత్రులు నా మీదకి రావద్దు. మీ కుళాయి నీళ్ళు మొహం కొరికేస్తాయని తెలుసు, గోరువెచ్చగా చేసుకోండి, తప్పులేదు. నేను మాట్లాడేది వైశాఖంలో మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్ళకి చెయ్యి చురుక్కుమనే విశాఖ సంగతి. ఇక్కడ కూడా గీజరు వేసి గెడ్డం గీసుకునే మా ఆఫీసు భక్తులకి ఒక సవాలు విసిరాను, మీరూ చేసి చూడొచ్చు. ఒక చెంపకి కుళాయి నీళ్ళు, ఇంకో చెంపకి 40 డిగ్రీలు దాటని వేణ్ణీళ్ళు. రెండు వైపులా నాలుగు నిమిషాలు నురగ ఉంచాలి. వారం రోజులు చెయ్యండి, రోజూ వైపులు మార్చండి. నీళ్ళు ఒకే కుళాయివి, సబ్బు ఒకటే, బ్లేడు ఒకటే. రెండు వేరియబుల్స్ ఒకేసారి మార్చేసి నాతో వాదనకి దిగొద్దు.