కీళ్ల చికిత్సలో కంటి పరీక్షకూ చోటుండాలి

మధుమేహం ఉన్నవారు ఏడాదికోసారి కళ్లు పరీక్ష చేయించుకోవాలన్న మాట నేడు పల్లెల్లోనూ వినిపిస్తోంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ విషయంలో అలాంటి అవగాహన ఇంకా రాలేదు. పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోవడం, మణికట్లు వాయడం వరకే ఈ జబ్బని చాలామంది భావిస్తారు. నిజానికి ఇది వయసుతో వచ్చే కీళ్ల అరుగుదల కాదు. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే సొంత కణజాలంపై దాడి చేయడం వల్ల వచ్చే వ్యాధి. ఆ దాడి కీళ్ల దగ్గరే ఆగదు, కంటినీ తాకుతుంది.

ఈ సంబంధం కొత్తగా తెలిసిందేమీ కాదు. స్వీడన్ నేత్రవైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ 1933లో తన పరిశోధన గ్రంథంలో కళ్లు పొడిబారిన 19 మంది మహిళల గురించి రాశారు. వారిలో 13 మందికి కీళ్ల జబ్బు ఉంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగుల్లో ఎక్కువగా కనిపించే కంటి సమస్య నేటికీ ఈ పొడిబారడమే. కంట్లో ఇసుక పడినట్టు గరగరలాడటం, మంట దీని లక్షణాలు. కొందరికి కళ్ల వెంట నీరు కూడా కారుతుంది. అందుకే కన్ను పొడిబారిందంటే వారు ఓ పట్టాన నమ్మరు. కింది రెప్ప లోపల సన్నని కాగితపు పట్టీ ఉంచి, అయిదు నిమిషాల్లో అది ఎంత మేర తడిసిందో చూస్తే విషయం చాలావరకు తేలుతుంది.

అంతకంటే ప్రమాదకరమైనది స్క్లెరైటిస్, అంటే కంటి తెల్లగుడ్డు వాపు. కన్ను ముదురు ఎరుపెక్కుతుంది. నిద్రలోంచి లేపేంత నొప్పి నుదుటికి, దవడకు పాకుతుంది. దీన్ని మామూలు కళ్లకలక అనుకుని మందుల షాపులో చుక్కల మందు కొని వేసుకుంటే విలువైన సమయం చేజారిపోతుంది. పైగా ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే కంటిలో ఒత్తిడి పెరిగే ముప్పు ఉంది. కొందరిలో నల్లగుడ్డు అంచున పుండు ఏర్పడి, పొర పలచబడి చిల్లు పడవచ్చు. ఇలాంటి స్థితి ఒంట్లోని రక్తనాళాలకూ వాపు సోకిందనడానికి సంకేతం కావచ్చు. కాబట్టి కంటి చుక్కలతోనే సరిపెట్టకుండా, కీళ్ల వైద్యుడు మొత్తం చికిత్సను తిరిగి పరిశీలించాలి.

మందుల వైపు నుంచీ జాగ్రత్త అవసరం. స్టెరాయిడ్లు ఎక్కువ కాలం వాడితే శుక్లాలు, గ్లాకోమా రావచ్చు. హైడ్రాక్సీక్లోరోక్విన్ చౌకైన, మేలు చేసే మందు. అయితే దాని మోతాదు రోజుకు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు మించకూడదని అమెరికా నేత్రవైద్యుల అకాడమీ 2016లో సూచించింది. ఆ లెక్కన 50 కిలోల మహిళకు 250 మిల్లీగ్రాములు చాలు. 200 మిల్లీగ్రాముల మాత్రలు రోజూ రెండు వేసుకుంటే హద్దు దాటినట్టే. తగిన మోతాదులో మొదటి అయిదేళ్లలో రెటీనా దెబ్బతినే అవకాశం ఒక శాతం కంటే తక్కువ. ఇరవై ఏళ్లు వాడితే అది దాదాపు 20 శాతానికి చేరుతుంది. తొలిదశలో చూపు బాగానే ఉంటుంది. చూపు తగ్గాక మందు ఆపినా పోయింది తిరిగి రాదు. అందుకే మందు మొదలుపెట్టిన తొలి ఏడాదిలో ఒకసారి, అయిదేళ్ల తర్వాత ఏటా ఓసీటీ, దృష్టిక్షేత్ర పరీక్షలు చేయించాలి. కిడ్నీ జబ్బున్నవారికి ఇంకా ముందే మొదలుపెట్టాలి. భయంతో మందు సొంతంగా మానేయడం మాత్రం మరో తప్పు.

ఇందుకు కొత్త ఆసుపత్రులేమీ అక్కర్లేదు. కీళ్ల వైద్యుడు చీటీలో రోగి బరువు, మందు మొదలుపెట్టిన తేదీ, తదుపరి కంటి పరీక్ష తేదీ రాస్తే చాలు. తెలంగాణలో 2018లో మొదలైన కంటి వెలుగు వంటి శిబిరాల్లో ‘మీకు కీళ్ల వాపులు ఉన్నాయా, ఏ మందులు వాడుతున్నారు?’ అన్న ప్రశ్న చేర్చవచ్చు. ఎర్రబడిన కంటికి చుక్కలు అడిగే వారిని మందుల షాపువారు వైద్యుడి వద్దకు పంపాలి. రుమటాయిడ్ ఆర్థరైటిస్ పురుషుల కంటే మహిళల్లో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇంటి పనిలో పడి సొంత నొప్పిని వాయిదా వేసేదీ వారే. వారు అడిగేదాకా ఆగకుండా వైద్య వ్యవస్థే ముందుగా అడగాలి.