చందాదారుల లెక్కయు, చందాదారుల హక్కును

"విద్వద్గద్వాల" యను మాట వినని విద్యావంతుడు మన ప్రాంతమున లేడు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురము రాజధానిగా గల జటప్రోలు: ఈ సంస్థానములు కవి పండితులను సంభావించుటలో నొకదానితో నొకటి పోటీపడుచుండెడివి. ఒక యాస్థానమున తగిన యాదరము లభింపని కవికి, పద్యముల కట్ట చంకబెట్టుకొని పొరుగు ఆస్థానమునకు పోవుటకు దారి యుండెను. ప్రభువుల పోటీయే కవికి బ్రతుకుదెరువు. ఐతే ఆ సంభావనల ధనము రైతు గట్టిన శిస్తునుండి వచ్చినదే. ఎవరికి శాలువ కప్పవలయునో ఆ రైతు నెవ్వరును అడిగిన పాపమున పోలేదు. ఈ రెండు సంగతులను మనస్సున నుంచుకొని, నేడు మన సెల్‌ఫోను తెరలపై జరుగుచున్న మరియొక పోటీని పాఠకులు పరికింపవలయునని మా ప్రార్థన.

జనులు "ఓటీటీ" యని పిలుచుచున్న చిత్రప్రసార సంస్థలు మన దేశమున పాదుకొని పదేండ్లు దాటినది. 2015 లో హాట్‌స్టార్, 2016 జనవరిలో నెట్‌ఫ్లిక్స్, ఆ సంవత్సరాంతమున అమెజాన్ ప్రైమ్ వీడియో వచ్చినవి. ఆ 2016 సెప్టెంబరులోనే జియో సేవ ఆరంభమై డేటా వెల పడిపోగా, పల్లెటూరి రచ్చబండకును చలనచిత్రము నడచివచ్చెను. కేవలము తెలుగువారికై యుద్దేశింపబడిన "ఆహా" 2020 ఉగాదినాడు లాంఛనముగా ప్రారంభమయ్యెను. దేశమంతట లాక్‌డౌను మొదలైన దినమును అదియే. థియేటర్లు మూతబడిన యా కాలమున ఇల్లే చిత్రశాల యయ్యెను.

ఈ పోటీవలన ప్రజలకు మేలు కలుగలేదని మేమనజాలము. 2021 డిసెంబరులో నెట్‌ఫ్లిక్స్ తన సెల్‌ఫోను చందాను నెలకు 199 రూపాయలనుండి 149 రూపాయలకు దించినది. వర్తకుడు వెల దించుట దయచేత గాదు, పొరుగున మరియొక దుకాణ ముండుటచేత. తెలుగు కథకును కొంత మేలు జరిగినది. 2024 జనవరిలో ఈటీవీ విన్ సంస్థ "నైంటీస్" అను ధారావాహికను వెలువరించెను. మన పొరుగున నున్న వనపర్తిలో నొక సర్కారు బడిపంతులు, ఆయన భార్య, ముగ్గురు పిల్లలు, కథ యింతియే. దానిని చూచి తమ యింటి గోడలనే చూచినట్లు నవ్వుకొన్నవారిని, కన్నీరు పెట్టుకొన్నవారిని మేమెరుగుదుము. దేశమంతటికిని ఒకే మూసలో చిత్రములు పోయవలసిన పెద్ద సంస్థకు, వనపర్తి పంతులుగారి యింటి ఖర్చులు కథగా తోచుట యరుదు. తెలుగువారి చందాలమీదనే బ్రతుకవలసిన సంస్థకు అవి తోచును. పోటీ యందలి సారమిదియే.

ఇక చందాదారుల సంఖ్యల సంగతి. 2022 మొదటి మూడు మాసములలో నెట్‌ఫ్లిక్స్ లోకమంతటను 2 లక్షల చందాదారులను గోల్పోగా, దాని వాటాల వెల యొక్క దినముననే మూడవవంతునకు పైగా పడిపోయెను. అంతట ఆ సంస్థ, ఒక యింటివారు తమ పాస్‌వర్డును మరియొక యింటివారికి ఇచ్చుటను అరికట్టబూనెను. 2023 జూలైలో ఆ కట్టడి మన దేశమునకును వచ్చెను. 2024 చివరకు దాని చందాదారులు 30 కోట్లు దాటిరి. ఆ మీదట మూడు నెలల కొకమారు లెక్క ప్రకటించు పద్ధతినే యది మానుకొన్నది.

మన దేశపు ముచ్చట ఇంకను విచిత్రము. 2022 జూన్‌లో ఐపీఎల్ క్రికెట్టును అంతర్జాలమున ప్రసారము చేయు హక్కును అయిదేండ్లకు 23,758 కోట్ల రూపాయలకు వయాకామ్18 పాడుకొనెను. హాట్‌స్టార్ చేతినుండి ఆట జారిపోయెను. కొత్త యజమాని 2023 లో ఆ యాటను జియోసినిమాలో ఉచితముగా చూపెను. అమెరికా చిత్రములు కొన్నియు అదే కాలమున హాట్‌స్టార్‌ను విడిచిపోయెను. 2022 అక్టోబరు నాటికి 6 కోట్ల 13 లక్షలున్న దాని చందాదారులు 2023 జూలై నాటికి 4 కోట్ల 4 లక్షలకు దిగజారిరి. చివరి మూడు మాసములలోనే కోటీ 25 లక్షలమంది వెడలిపోయిరి. ఆటవెంట వచ్చినవారు ఆటవెంటనే పోయిరి.

ఇట్లు కత్తులు దూసిన యా రెండు సంస్థలును ఏమైనవి? 2024 నవంబరులో వాని యజమానులు పొత్తు గలిసిరి. 2025 ఫిబ్రవరి 14 న జియోహాట్‌స్టార్ అను నొకే పేర నొకే దుకాణము తెరిచిరి. ఈ కలయికకు కాంపిటీషన్ కమిషన్ కొన్ని షరతులతో 2024 ఆగస్టులో అనుమతి నొసగినది గావున ఇది చట్టవిరుద్ధమని మేమనుట లేదు. కాని దాని ఫలమును చూడుడు. ఈ పొత్తులో ప్రధాన భాగస్వామియైన రిలయన్సు వారిదే దేశమున నెల్లరకంటె పెద్దదగు జియో టెలిఫోను సేవయు. 2025 మార్చిలో, 299 రూపాయలు లేక అంతకుమించి రీచార్జి చేసిన జియో ఖాతాదారులకు 90 దినముల జియోహాట్‌స్టార్ ఉచితమనిరి. ఆ నెలాఖరునకే చందాదారులు 10 కోట్లు దాటిరని ప్రకటన వెలువడెను. అందు వెల తెలిసి, కోరి చెల్లించినవా రెందరు? రీచార్జితోపాటు మూటగట్టి లెక్కలో వేయబడినవా రెందరు? కలగాపులగపు సంఖ్య యొక్కటి ఈ ప్రశ్నకు బదులు చెప్పదు.

గద్వాల, వనపర్తి, కొల్లాపురము మూడును ఒకే సంస్థానమై, ఆ యాస్థానమునకు పోవు బాటయు ఆ ప్రభువుదే యైన యెడల, కవి యెచ్చటికి పోవును? కవి మాట యటుండనిండు. వినువాని గతి యేమి? 2025 జూన్ నుండి అమెజాన్ ప్రైమ్ తన చిత్రముల నడుమ ప్రకటనలు చొప్పించి, అవి వలదన్నవారు సాలునకు 699 రూపాయలు అదనముగా గట్టవలెనన్నది. ముందే చందా గట్టినవానికిని ఈ నియమమే. పొరుగు దుకాణములు తగ్గినకొలది ఇట్టి నియమములు పెరుగునని మా భయము.

ఈ మధ్య కొల్లాపురపు మామిడితోట రైతొకడు మా యొద్దకు వచ్చి, తన బాంకు ఖాతానుండి నెలనెలయు కొంత సొమ్ము పోవుచున్నదనియు, ఎవరో అపహరించుచున్నారనియు మొరపెట్టుకొనెను. విచారింపగా, తన కుమారుడు సంక్రాంతి సెలవులలో ఒక సంస్థకు చందా గట్టి, చూచుట ముగిసిన పిమ్మట ఆ యాప్‌ను ఫోనునుండి తీసివేసినాడట. యాప్ పోయినది గాని చందా పోలేదు. ముందస్తు సందేశములు వచ్చుచునే యున్నవి, అన్నియు ఇంగ్లీషులో. ఆ రైతును ఆ సంస్థవారు ఎనిమిది మాసములు తమ చందాదారుల యభివృద్ధిలో లెక్కించుకొనిరి!

చట్టము లేకపోలేదు. ఆవృత్త చెల్లింపులకు ఒకదినము ముందుగా తెలుపవలెనని రిజర్వు బాంకు నియమము 2021 అక్టోబరునుండి అమలున నున్నది. సులభముగా చేర్చుకొని కష్టముగా విడుచు చందా వలలను కేంద్ర వినియోగదారుల రక్షణాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించినది. కాని తెలియని భాషలో తెలిపిన తెలుపుడు తెలుపుడగునా?

"ఎవ్వరును బలవంతపెట్టలేదు, ఇష్టములేనివారు మానుకొనవచ్చును" అని కొందరందురు. నిజమే, మానుకొనుటకు దారి తిన్నగా నున్నపుడు ఆ మాట చెల్లును. మరికొందరు దొంగ ప్రతులే పేదవానికి దిక్కందురు. 2025 నవంబరులో ఐబొమ్మ నిర్వాహకుని హైదరాబాదు పోలీసులు నిర్బంధించినపుడు అతనిని మెచ్చుకొన్నవారును గలరు. ఈ మెప్పును మేము సమ్మతింపజాలము. దొంగ ప్రతి పెద్ద సంస్థను గిల్లును; వనపర్తి పంతులు కథ వ్రాయు చిన్నవానిని చంపును.

కావున మా కోరిక లివి. కోరి కట్టినవారి సంఖ్యను, రీచార్జి మూటలలో చేరినవారి సంఖ్యను సంస్థలు వేర్వేరుగా ప్రకటింపవలెను. వెలయు, గడువును, విడుచు విధానమును తెలుగున తెలుపవలెను. చేరుటకు ఎన్ని మెట్లో విడుచుటకును అన్నియే యుండవలెను. కలయికకు విధించిన షరతులు నెరవేరుచున్నవో లేదో కాంపిటీషన్ కమిషన్ బహిరంగముగా తెలుపవలెను. ఇంటి కొక చందా యున్నట్లే, సక్రమమైన రుసుముపై గ్రంథాలయమున కొక చందాయు నుండవలెను. ఒక పత్రికను నలుబదిమంది చదువుట మన పఠనమందిరముల సంప్రదాయము. ఒక మంచి చిత్రమును నలుబదిమంది కూడి చూచుట ఏల దోషము కావలెను?

పాఠకులకును కర్తవ్యము గలదు. నచ్చిన తెలుగు కథకు వెల చెల్లింపుడు. నచ్చనపుడు ఆ మాసముననే చందా విడువుడు. నెల కొకమారు మీ ఖాతాను పరిశీలించి, ఇరుగుపొరుగు వృద్ధులకును చూపుడు. ఆనాడు శిస్తు గట్టిన రైతునకు శాలువ విషయమున మాటలేదు. నేడు చందా గట్టు రైతునకు మాట గలదు, నెలనెలయు గలదు. దానిని పలుకకున్నచో తప్పు ప్రభువులది గాదు, మనది.