రైతుకు 72 గంటలు, కంపెనీకి వాయిదాల మీద వాయిదాలా?



వడగళ్ల వానకు చేను దెబ్బతింటే 72 గంటల్లో కబురు చేయాలన్నది ప్రధానమంత్రి ఫసల్ బీమా నిబంధన. ఆ గడువు దాటిందా, క్లెయిము కొట్టేయడానికి కంపెనీకి సాకు దొరికినట్టే. ఆలస్యంగా వచ్చిన గని కార్మికుడికి మస్టర్ పడదు. రైతు కిస్తీ తప్పితే బ్యాంకు నోటీసు ఇంటికొస్తుంది. మరి తప్పు చేసిన బీమా కంపెనీకి?

1938 బీమా చట్టం ప్రకారం అలాంటి కంపెనీ రిజిస్ట్రేషన్‌ను ఐఆర్‌డీఏఐ రద్దు చేయొచ్చు. కంపెనీ భయపడేది ఆ ఒక్క శిక్షకే. అది రాకుండా ముంబైలోని సెక్యూరిటీస్ అప్పిలేట్ ట్రిబ్యునల్ గడప తొక్కుతుంది. 2023 జూన్ 2న సహారా లైఫ్ పాలసీలను ఎస్‌బీఐ లైఫ్‌కు అప్పగించమని ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. జూన్ 13కల్లా ట్రిబ్యునల్ స్టే ఇచ్చింది. పెద్దవాళ్ల ఫైలు అంత వేగంగా కదులుతుంది.

అప్పీలు హక్కును మేం కాదనడం లేదు. లైసెన్సు ఒక్కసారిగా పోతే ప్రీమియం కట్టినవాళ్లే ఇబ్బంది పడతారన్నదీ నిజమే. అందుకే లైసెన్సు జోలికి పోకుండా జరిమానాతో సరిపెట్టాలని కొందరంటారు. సరే, జరిమానా ఎంత? ఎవరికి? 2015 సవరణ ప్రకారం అప్పట్లో ఉన్నది రోజుకు లక్ష, లేదా మొత్తం కోటి, ఏది తక్కువైతే అది. వందల కోట్ల ప్రీమియం వసూలు చేసే కంపెనీకి కోటి ఒక లెక్కా? అది ఖర్చుల పద్దులో ఒక వరుసగా ఉండేది, అంతే. ఆ కోటిలోంచి నష్టపోయిన రైతు ఖాతాలో పైసా పడేది కాదు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు లేచి ఒడ్డు మండలాల పొలాలను ముంచింది. రాష్ట్రం 2020లోనే ఫసల్ బీమా నుంచి తప్పుకుంది కాబట్టి ఆ పథకం కింద రైతుకు అడిగే దారే లేకపోయింది. అందుకే పంటల బీమా కావాలంటున్నాం. అయితే కోరలు లేని బీమా మాకొద్దు.

మా డిమాండ్లు మూడు. ఒకటి, లైసెన్సు శిక్షను జరిమానాగా మార్చాలంటే ముందు రైతుల బకాయిలు 12 శాతం వడ్డీతో కట్టించాలి. రెండు, జరిమానా ఎగ్గొట్టిన క్లెయిముల మొత్తానికి తగ్గకూడదు. మూడు, బకాయి తీరేదాకా ఆ కంపెనీని ఏ జిల్లా టెండరులోనూ పాల్గొననివ్వకూడదు.

ఈలోగా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. విత్తనాల కేసులో రైతు కూడా వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. ఏ బీమాలో అన్యాయం జరిగినా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. 5 లక్షల లోపు కేసుకు ఫీజు లేదు. ప్రీమియం కోసిన బ్యాంకు స్టేట్‌మెంటు, పాసుపుస్తకం జిరాక్సు, చేను ఫొటోలు పట్టుకుని సంఘం దగ్గరికి రండి. ఒక్కడు అడిగితే అర్జీ అంటారు, వందమంది కలిసి అడిగితే జవాబు చెప్పక తప్పదు.