హాస్టల్లో బుద్ధుణ్ణి ఎలా నేర్పాలి?

అంబేద్కర్ జయంతి, బుద్ధ పౌర్ణమి వచ్చినప్పుడల్లా మన పూర్వ విద్యార్థుల మధ్య ఒక చర్చ నడుస్తుంది. గురుకులాల్లో, సంక్షేమ హాస్టళ్ళలో పిల్లలకు బౌద్ధం నేర్పాలా, వద్దా? నేర్పాలన్నదే నా అభిప్రాయం. అయితే ఎలా నేర్పాలన్న దగ్గర మనం చాలా జాగ్రత్తగా ఉండాలి.

బౌద్ధం మనకు కొత్తది కాదు. బుద్ధుని కాలంనాటి 16 మహాజనపదాల్లో దక్షిణాదిన ఉన్నది అస్మక ఒక్కటే. దాని రాజధాని పోదన మన బాన్సువాడకు దగ్గర్లోని బోధనే అని చాలామంది చరిత్రకారులు చెబుతారు. సుత్తనిపాతం అనే బౌద్ధ గ్రంథంలో ఒక కథ ఉంది. అస్మక దేశంలో గోదావరి ఒడ్డున బావరి అనే ముసలి గురువు ఉండేవాడు. ఆ చోటు నేటి నిర్మల్ జిల్లా బాదనకుర్తి అని కొందరి అభిప్రాయం. మన మంజీర కందకుర్తి దగ్గర కలిసేది ఆ గోదావరిలోనే. లోకంలో బుద్ధుడు వెలిశాడని విని బావరి తన 16 మంది శిష్యులను పంపాడు. వెళ్ళి దణ్ణం పెట్టి రమ్మని చెప్పలేదు. ఆయన నిజంగా బుద్ధుడో కాదో ప్రశ్నలతో పరీక్షించమన్నాడు. వాళ్ళు పైఠాన్, ఉజ్జయిని, విదిశ, శ్రావస్తి మీదుగా మగధ దాకా వెళ్ళి ఒక్కొక్కరుగా అడిగారు. వారిలో ధోతకుడు తనను సందేహాల నుండి విడిపించమని వేడుకుంటే, ఆ పని తాను ఎవరికీ చేసిపెట్టలేనని, తెలుసుకొని దాటవలసింది నువ్వేనని బుద్ధుడు జవాబిచ్చాడు.

హాస్టల్ పిల్లలకు ఇంతకు మించిన పాఠం ఏముంటుంది? మన పిల్లలకు తెలివి ఉంది. క్లాసులో లేచి అడిగే ధైర్యమే తక్కువ. తరతరాలుగా నోరెత్తనివ్వని సమాజం నుండి వచ్చినవాళ్ళం మనం. మన పెద్దల్లో దీన్ని ముందే గుర్తించినవారు భాగ్యరెడ్డి వర్మ. హైదరాబాదులో 1910 నుండి దళిత పిల్లలకు పాఠశాలలు పెట్టించిన ఆయనే, 1913 నుండి బుద్ధ జయంతి కూడా జరిపించారు. ఒకే మనిషి ఈ రెండు పనులూ చేపట్టడంలో అర్థం ఉంది. చదువుతో పాటు ఆత్మగౌరవం కూడా పెరగాలి.

ఇక అసలు విషయం. 2021 మార్చిలో పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో జరిగిన స్వేరోస్ సభలో అంబేద్కర్ 22 ప్రతిజ్ఞల్లోని మాటలు పలికించడంపై పెద్ద వివాదం నడిచింది. ఆ గొడవలో శాతవాహనుల కాలంనాటి ధూళికట్ట స్తూపం చరిత్ర మాత్రం వెనక్కి పోయింది. పెద్దలు తమ ఇష్టంతో ఏ ప్రతిజ్ఞ అయినా చేయవచ్చు, అది వారి హక్కు. బడి పిల్లల సంగతి వేరు. అంబేద్కర్ 1935లో యేవలాలో తాను హిందువుగా చనిపోనని ప్రకటించారు. నాగపూర్‌లో బౌద్ధ దీక్ష తీసుకున్నది 1956 అక్టోబరు 14న. మధ్యలో 21 ఏళ్ళు చదివారు, తర్కించారు, తూచి చూశారు. అంతటి మేధావి 21 ఏళ్ళు తీసుకున్న నిర్ణయాన్ని 14 ఏళ్ళ పిల్లవాడితో ఒక్క పూటలో చేయించడం ఆయన బాట అవుతుందా?

ఆయన మనకు అందించిన రాజ్యాంగం కూడా ఇదే చెబుతుంది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మత బోధన ఉండరాదన్నది 28వ అధికరణం. అయితే మతాల గురించి తెలుసుకునే చదువుకు అది అడ్డు కాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. బుద్ధుని జీవితం, ఆలోచన చెప్పడానికి అభ్యంతరం లేదు. వందనం తప్పనిసరి చేస్తేనే తప్పు.

"మిగతా మతాల పూజలు, భజనలు ప్రభుత్వ బడుల్లో జరగడం లేదా? మనకే ఎందుకీ నియమం?" అని కొందరు అన్నలు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ మనమూ అదే పని చేస్తే రేపు దాన్ని ప్రశ్నించే హక్కు మనకు ఉండదు. పైగా మన హాస్టళ్ళలో హిందువులు, క్రైస్తవులు, ముస్లింలు కూడా ఉంటారు. ఒకే పళ్ళెం వరసలో కూర్చుని తినేవాళ్ళను ప్రార్థన దగ్గర విడదీయకూడదు.

మరి ఏం చేయవచ్చు? పంచశీలను హాస్టల్ జీవితానికి అన్వయించి మాట్లాడుకోవచ్చు. దొంగతనం చేయకపోవడమంటే పక్కవాడి ట్రంకు పెట్టె జోలికి పోకపోవడం. హింస చేయకపోవడమంటే జూనియర్‌ను ఏడిపించకపోవడం. మత్తు ముట్టకపోవడమంటే గుట్కా, మందు వైపు చూడకపోవడం. స్టడీ అవర్‌కు ముందు పది నిమిషాలు ఇష్టమున్నవారు ఆనాపాన చేయవచ్చు. శ్వాసను గమనించడమే కాబట్టి దీనికి మంత్రం అక్కరలేదు, విగ్రహం అక్కరలేదు. వారానికి ఒక సాయంత్రం ప్రశ్నల గంట పెట్టాలి. పిల్లలు ఏదైనా అడగవచ్చు, బుద్ధుణ్ణి కూడా తప్పు పట్టవచ్చు. ఏడాదికోసారి ధూళికట్ట, ఫణిగిరి, నాగార్జునకొండ వంటి చోట్లకు తీసుకెళ్ళాలి. మన నేల మీద వెయ్యేళ్ళకు పైబడిన విద్యా కేంద్రాలుండేవని కళ్ళతో చూసిన పిల్లవాడు తనను తాను తక్కువగా అనుకోడు.

ఒక భయం కూడా తీరాలి. బౌద్ధం తీసుకుంటే రిజర్వేషన్ పోతుందని ఇప్పటికీ కొందరు అనుకుంటారు. బౌద్ధం స్వీకరించిన షెడ్యూల్డు కులాలవారికి ఆ హోదా ఉంటుందని 1990లోనే చట్టం మారింది. ఈ విషయం చెప్పడం మత ప్రచారం కాదు, హక్కు తెలియజేయడం. పెద్దయ్యాక ఎవరి దారి వారు ఎంచుకుంటారు.

పూర్వ విద్యార్థులకు నా మనవి ఒక్కటే. హాస్టల్‌కు బుద్ధుని పటం కానుకగా ఇవ్వండి, మంచిదే. దాంతో పాటు నెలకు ఒక ఆదివారం వచ్చి పిల్లల మధ్య కూర్చోండి. వాళ్ళు అడిగేదాకా ఓపిక పట్టండి. గోదావరి ఒడ్డు నుండి 16 మంది అడగడానికే అంత దూరం నడిచారు. మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నచోటనే లేచి నిలబడి అడగగలిగితే చాలు.